బీరువా కాళ్ళకి కట్టు

పిల్లలకి ఆటవస్తువులు ఇవ్వకూడదు. చూపించాలి. అంతే!

ఈ మాట అన్నందుకు మీరు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టుకోండి. నేనేమీ గాల్లోంచి మాట్లాడటం లేదు. వృత్తికి వడ్రంగిని. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు నా చేతిమీదుగా బిగించినవే. చెక్కకి నా కబుర్లు వినే ఓపిక పోయింది కాబట్టి వారానికోసారి ఈ పత్రికలో ఒక మూల నాలుగు ముక్కలు రాసుకుంటూ ఉంటాను. వీటన్నిటికంటే పెద్ద అర్హత ఇంకొకటుంది. మా ఆవిడ జుమగుల్ ఇరవై ఆరేళ్ళుగా మన బాలబడిలో టీచరు.

కాబట్టి బాలబడి గురించి మాట్లాడే హక్కు నాకు లేకపోతే ఇంకెవరికుంది చెప్పండి?

అసలు ఇదివరకు మన బాలబడి ఎంత అనాగరికంగా ఉండేదో గుర్తు చేసుకోండి. పిల్లలు గొర్రె మోకాలి ఎముకలతో ఆడుకునేవారు. నా షెడ్డులో మిగిలిన చెక్కముక్కలు జుమగుల్ సంచీలో వేసుకుని పట్టుకెళితే, వాటిని గుర్రాలనేవారు, వంతెనలనేవారు, మేనత్త అనేవారు. ఒకనాడు ఒక బుడతడు పడకల మీది దుప్పట్లన్నీ లాగి గుడారం కట్టి, వంటమనిషిని పట్టుకొచ్చి అందులో పెళ్ళికూతురిలా కూర్చోబెట్టాడు. ఆవిడ కూడా సిగ్గుపడుతూ కూర్చుంది! ఆ పూట బక్వీట్ జావ అడుగంటింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇదా క్రమశిక్షణ?

అప్పుడొచ్చింది నీతి నియమావళి.

పసిపిల్లల టీచర్లు ఎలా నడుచుకోవాలో చెప్పే పుస్తకం. మొత్తం అరవై మూడు క్లాజులు. నున్నటి కాగితం. అట్ట మీద ఉంగరాల జుట్టు పిల్లాడు నవ్వుతూ ఉంటాడు, వాడెవరి పిల్లాడో మన వైపు ఎవరికీ తెలీదు. దాన్ని బోధించడానికి టీచర్లని పట్నం తీసుకెళ్ళి మూడు రోజులు హోటల్లో కూర్చోబెట్టారు. మా ఆవిడ మెళ్ళో బిళ్ళ వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఏం నేర్పారే?" అని అడిగాను.

"పిల్లలకి హాని చెయ్యకూడదట" అంది బూట్లు విప్పుకుంటూ. "మొదటి క్లాజే అది."

చూశారా! ఇరవై ఆరేళ్ళుగా ఈ సంగతి ఆవిడకి ఎవ్వరూ చెప్పలేదు. ఎంతమందిని కొరికేసేదో పాపం.

నియమావళి కింద అందరూ సంతకాలు పెట్టారు. టీచర్లు, వంటమనిషి, కాపలా ముసలాయన, ఆ రోజు పొయ్యిలో బొగ్గు వెయ్యడానికి వచ్చినవాడు కూడా పెట్టేశాడు. తర్వాత దాన్ని ఫ్రేము కట్టించి గోడకి కొట్టమన్నారు. నేనే కొట్టాను. డైరెక్టరమ్మ అనార్‌కాన్ కింద నిలబడి "ఇంకా పైకి, ఇంకా పైకి" అంటూనే ఉంది. ఇప్పుడది చదవాలంటే స్టూలెక్కాలి. నీతికి ఆ మాత్రం ఎత్తు ఉండొద్దా?

నియమావళితో పాటు ఒక రిజిస్టరు కూడా వచ్చింది. పద్నాలుగో క్లాజు ప్రకారం టీచరు ప్రతి పిల్ల ఆసక్తినీ గౌరవించాలి. గౌరవించినట్టు రుజువేది? అందుకే రిజిస్టరు. జుమగుల్ గదిలో నలభై ఒక్క మంది పిల్లలు. రోజూ ఆట సమయంలో కుర్చీలో కూర్చుని నలభై ఒక్క పేర్ల ఎదుట టిక్కు పెట్టాలి. గౌరవించాను, గౌరవించాను, గౌరవించాను. మధ్యలో ఎవరైనా కొంగు పట్టుకుని లాగితే, "ఆగు నాన్నా, నిన్ను గౌరవించడం ఇంకా అవలేదు" అనాలి. పేరు దాటిపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక వనరులు. ఆరు పెట్టెలు దిగాయి. సముద్రం అవతలి ఏదో సంస్థవారు మన పిల్లల మీద దయతలచి పంపారు. బొమ్మలు, చెక్క ఇల్లు, డాక్టరు సంచీ, పన్నెండు రంగుల మైనం, టైర్లు తిరిగే పసుపు టిప్పర్ లారీ. జుమగుల్ ఆ లారీని ఒకసారి నేలమీద దొర్లించి చూసిందట. తొట్టి పైకి లేచిందట. అది చెబుతున్నప్పుడు ఆవిడకి యాభై ఒక్కేళ్ళంటే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు డైరెక్టరమ్మ మా షెడ్డుకొచ్చింది. వడ్రంగిని కాబట్టి అందరికీ నేను ఉస్తానే.

"ఉస్తా, ఒక బీరువా చెయ్యి. ముందు అద్దాలుండాలి. అన్నీ కనపడాలి."

"తాళం పెట్టనా?"

"తాళం ఎవడైనా తీస్తాడు. సీలేస్తాను. సీలు ముట్టుకునే ధైర్యం ఎవడికుంది?"

చేశాను. అబద్ధమెందుకు, మనసు పెట్టి చేశాను. మన కొండల దేవదారు చెక్క, మూడు అరలు, రెండు తలుపులు, రెండు ఇత్తడి పిడులు. పిల్లలు పగలగొట్టకుండా మందపాటి అద్దం. డైరెక్టరమ్మ ఆ రెండు పిడులకీ కలిపి దారం చుట్టి, ముడి మీద మైనం ముద్ద అద్ది, దాని మీద గుండ్రటి ముద్ర కొట్టింది. మైనం ఎక్కడిదనుకున్నారు? పెట్టెలో వచ్చిందే. ఆకుపచ్చ రంగు సీలుకి పనికొచ్చింది. మిగిలిన పదకొండు రంగులూ బీరువాలో భద్రంగా ఉన్నాయి. చూశారా, వనరు ఎంత చక్కగా ఉపయోగపడిందో!

డైరెక్టరమ్మని ఆడిపోసుకోకండి. ఆవిడ కొత్త టీచరుగా ఉన్నప్పుడు ఒక పిల్లాడు బడి గ్లోబు మీద కూర్చున్నాడు. అది చితికిపోయింది. దానికి ఆవిడ చేత మూడు సంజాయిషీలు రాయించారు, మీటింగులో నిలబెట్టి చదివించారు. ప్రపంచాన్ని చితగ్గొట్టించిన మనిషని పదేళ్ళపాటు ఆవిడ వెనక నవ్వుకున్నారు, ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మనిషికి పిల్లల్ని చూస్తే భయం లేదు. విరిగే వస్తువు పిల్లల దగ్గర కనపడితే భయం.

సరే, బీరువా వల్ల కలిగిన మేళ్ళు చూద్దాం.

మొదటిది, ఏడాదిన్నర గడిచినా బొమ్మలు కొత్తగానే ఉన్నాయి. మీ ఇంట్లో బొమ్మలకి తలలున్నాయా? నిజం చెప్పండి! ఇక పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నడవడం నేర్చుకున్నారు. అంతకుముందు మునిసిపాలిటీ వాళ్ళకి కూడా రాని విద్య అది. కొట్లాటలు ఆగిపోయాయి. నలభై ఒక్క మందికి అయిదు లారీలుంటే గొడవ, ఒక్క లారీ ఉంటే యుద్ధం, ఒక్కటీ లేకపోతే శాంతి. పెద్ద పెద్ద దేశాలకి తట్టని ఉపాయం మన డైరెక్టరమ్మకి తట్టింది. పైగా తల్లిదండ్రులు పిల్లల్ని బీరువా ముందు నిలబెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఫోటోలో ఎంత బావుంటుందనుకున్నారు! పిల్లాడు, వాడి వెనక ఆటవస్తువులు. మధ్యన అద్దం ఫోటోలో కనపడదు.

ఇంకో మేలు చెప్పాలంటే ఐజిరెక్ గురించి చెప్పాలి.

నాలుగేళ్ళ పిల్ల. పోయిన శరదృతువులో చేరింది. తండ్రి డోలోన్ కనుమ మీదుగా బొగ్గు లారీ తోలుతాడు, వెళితే వారం దాకా రాడు. పిల్ల ఇంట్లో వాగుడుకాయేనట. బాలబడి గుమ్మం తొక్కిందా, నోరు పెగలదు. ఒక్క మాట లేదు. పలకరించినా లేదు, గిలిగింతలు పెట్టినా లేదు. పొద్దున్న జావ తాగేసి వచ్చి బీరువా ముందు కూర్చుంటుంది. రెండో అర, ఎడమ పక్క. అక్కడ పసుపు లారీ ఉంది. మధ్యాహ్నం నిద్రకి పిలిచేదాకా దాన్నే చూస్తూ ఉంటుంది. ముక్కు ఆనించి చూడటంతో అద్దం మీద ఆవిరి పడుతుంది. చొక్కా చేతితో తుడిచేసి మళ్ళీ చూస్తుంది. మన బాలబడిలో అంత తళతళలాడే అద్దం ఇంకొకటి లేదు. పైసా ఖర్చు లేని శుభ్రత!

మా ఆవిడకి ఈ మేలు అర్థం కాలేదు. ఊరుకోలేక డైరెక్టరమ్మ గదికి వెళ్ళింది.

"అనార్‌కాన్ అక్కా, ఆ లారీ ఒక్క గంట ఇవ్వు. నేను పక్కనే కూర్చుంటాను. ఆ పిల్ల మాట్లాడుతుందని నా మనసు చెబుతోంది."

"మనసు చెప్పిందని సీలు తియ్యనా? రేపు చక్రం ఊడితే తనిఖీకొచ్చే కమిషన్‌కి నీ మనసు చూపించనా?"

"పద్నాలుగో క్లాజు అక్కా. పిల్ల ఆసక్తిని గౌరవించమని మనమేగా సంతకం పెట్టాం."

"గౌరవించు. ఎవరొద్దన్నారు? దూరం నుంచి గౌరవించు."

మా ఆవిడ ఇంటికొచ్చి టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకి మా పిల్లి బయటికి పోయింది.

అలా చలికాలమంతా గడిచింది. ఏప్రిల్లో ఒక ఆదివారం డైరెక్టరమ్మ మనవడికి కట్టు కోసే పండగ చేశారు. వాడు అప్పుడే నాలుగు అడుగులు వేస్తున్నాడు. వాడి రెండు కాళ్ళనీ నలుపు తెలుపు ఉన్ని కలిపి పేనిన దారంతో కట్టి, గడ్డి మీద నిలబెట్టి, పిల్లలందర్నీ దూరం నుంచి పరుగెత్తించారు. ముందొచ్చిన పిల్ల కట్టు కోసి, వాడి చెయ్యి పట్టుకుని నడిపించింది. పెద్దవాళ్ళు బోర్సోకులు, అదే నూనెలో వేయించిన పిండి ముక్కలు, గుప్పిళ్ళతో చల్లారు. మన బాలబడి పిల్లల్లో సగం మంది ఆ పరుగులో ఉన్నారు. ఎవరి కాళ్ళకైనా కట్టుంటే దాన్ని కోసెయ్యాలి, కోస్తే నడుస్తారు, నడిస్తే బోర్సోకులు పడతాయి. వాళ్ళకి అర్థమైంది ఇంతే. ఇందులో తప్పేమైనా ఉందా?

మర్నాడే సోమవారం కమిషన్ వచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు ఫైళ్ళు. నీతి, వనరులు ఎలా అమలవుతున్నాయో చూడటానికి. నెలకోసారి దుమ్ము తుడవడానికి తప్ప తియ్యని సీలు డైరెక్టరమ్మ తీసింది. ఏడాదిన్నరలో మొదటిసారి బొమ్మలన్నీ తివాచీ మీదికొచ్చాయి.

నలభై ఒక్క మంది పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు.

టై కట్టుకున్న పెద్దమనిషి వంగి, ముందున్న నుర్‌పెరీ అనే పిల్లని అడిగాడు. "ఈ బొమ్మతో మీరేం చేస్తారమ్మా?"

నుర్‌పెరీ బొమ్మని చూసింది, మా ఆవిణ్ణి చూసింది. బొమ్మల దగ్గర పెద్దవాళ్ళు చేసే పని దానికి ఒక్కటే తెలుసు. "తుడుస్తాం" అంది.

"తర్వాత?"

"లోపల పెట్టేస్తాం."

"తర్వాత?"

"సీలేస్తాం!" అని గది గదంతా ఒక్క గొంతుతో అరిచింది.

అరవడమే కాదు, జేబురుమాళ్ళు తీశారు. బొమ్మలు తుడిచారు, ఇల్లు తుడిచారు, డాక్టరు సంచీ తుడిచారు. ఒకడు కమిషన్ వారి బూట్లు కూడా తుడిచాడు. వచ్చినవాళ్ళు మురిసిపోయారు. ఇంత చిన్న వయసులో ఇంత బాధ్యత! జిల్లాలోనే అత్యుత్తమ మార్కులు వేశారు. ఇక్కడి పద్ధతి మిగతా బాలబడులకి కూడా పాకాలని రాశారు.

ఐజిరెక్ మాత్రం తుడవలేదు. పసుపు లారీని రెండు చేతులా పొట్టకి అదుముకుని నిలబడింది. కమిషన్ టీకి వెళ్ళగానే అన్నీ లోపల పెట్టెయ్యమని డైరెక్టరమ్మ చెప్పింది. ఆ పిల్ల చేతుల్లోంచి లారీని తీసింది మా ఆవిడే.

"వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సొచ్చిందయ్యా" అంది ఆ సాయంత్రం నాతో. "ఏడవను కూడా లేదు. ఏడిస్తే బావుండేది. నావంక చూసింది, అంతే. తర్వాత నేను వెళ్ళి రిజిస్టరులో దాని పేరు ఎదుట టిక్కు పెట్టాను. గౌరవించాను అని."

నేను లేచి ఆవిడకి టీ కలిపి ఇచ్చాను.

ఇక మళ్ళీ సీలెయ్యాలి కదా. దారపు ఉండ అయిపోయింది. డైరెక్టరమ్మ చేతిసంచీ వెతికితే ముందురోజు పండగలో మిగిలిన నలుపు తెలుపు దారం దొరికింది. దాన్నే రెండు పిడులకీ చుట్టి, ఆకుపచ్చ మైనం అద్ది, ముద్ర కొట్టి ఇంటికెళ్ళింది.

మంగళవారం పొద్దున్న జావ తాగి పిల్లలు గదిలోకొచ్చారు. ముందు చూసింది నుర్‌పెరీ.

"అక్కా! దీనికి కట్టు కట్టారు!"

"దేనికే?"

"బీరువాకి! పాపం, నడవలేక ఇన్నాళ్ళూ ఇక్కడే నిలబడిపోయింది!"

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నలభై ఒక్క మందీ గది అవతలి గోడ దగ్గరికి పోయి వరసగా నిలబడ్డారు. నుర్‌పెరీ ఒకటి రెండు మూడు అంది. గది దద్దరిల్లిపోయింది. ముందొచ్చింది ఎవరో ఊహించగలరా? చలికాలమంతా ఆ దారిలో నడిచిన పిల్ల! ఐజిరెక్ ఒక చెయ్యి బీరువా పిడి మీద వేసి, రెండో చెయ్యి వెనక్కి చాపింది. మా ఆవిడ వైపు. కత్తెర కోసం.

మొద్దు కొసల చిన్న కత్తెర మా ఆవిడ ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. సీలంటే ఏమిటో ఆవిడకి తెలుసు. తీస్తే ఏమవుతుందో కూడా తెలుసు. గోడ మీద అరవై మూడు క్లాజులూ చూస్తున్నాయి.

కత్తెర ఇచ్చింది.

ఐజిరెక్ కట్టు కోసింది. కోసి, బాలబడిలో తన మొదటి మాట పలికింది.

"నడువు!"

బీరువా నడవలేదు. "నడువు, భయపడకు, నేను పట్టుకుంటా" అంటూ ఒక తలుపు ఐజిరెక్, రెండోది నుర్‌పెరీ చేతులు పట్టుకున్నట్టు పట్టుకుని లాగారు. తలుపులు తెరుచుకున్నాయి. బీరువా కదల్లేదు గానీ అందులో ఉన్నవన్నీ బయటికి నడిచాయి. పన్నెండు గంటలదాకా ఆ గది ఒక ఊరైపోయింది. పసుపు లారీ డోలోన్ కనుమ ఎక్కింది. కనుమంటే మా ఆవిడ మోకాళ్ళు. "నాన్నా, జారుతుంది, మెల్లగా పోనీ!" అని అరుస్తూ ఐజిరెక్ దాన్ని ఎక్కించింది, దించింది, బొగ్గు బదులు మైనం ఉండలు నింపింది. మాట్లాడింది, మాట్లాడింది, నోరు నొప్పెట్టే దాకా మాట్లాడింది. ఒక బొమ్మ చెయ్యి ఊడింది. లారీ ముందు అద్దం పగిలింది. రిజిస్టరు ఎవరూ తెరవలేదు.

ఘోరం! మొత్తం ఏడాదిన్నర క్రమశిక్షణ ఒక్క పూటలో మంట గలిసింది.

డైరెక్టరమ్మ చూసింది. కేకలు పెట్టలేదు. తెల్లబోయి గోడకి చేరబడి, "గ్లోబు" అన్నట్టు వినపడిందట. కాసేపటికి తేరుకుని మా ఆవిణ్ణి గదిలోకి పిలిచింది.

"సంజాయిషీ రాయి జుమగుల్. సీలు కోసిందెవరో పేరు రాయి. పిల్లలెవరైనా అయితే ఆ పేరు కొట్టేసి లైనులో ఉన్నవాళ్ళకి సీటిస్తాను. నూట ఇరవై మంది ఉన్నారు. నీ పేరు రాయకు, నువ్వు నాకు కావాలి."

చూశారా, ఎంత మంచి మనసో!

ఇంటికొచ్చి మా ఆవిడ కాగితం ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఊడిన బొమ్మ చేతికి జిగురు రాస్తున్నాను.

"ఎలక కొరికిందని రాసెయ్యవే" అన్నాను.

"మూడో క్లాజయ్యా. అబద్ధం ఆడకూడదు."

"అయితే పిల్ల కోసిందని రాయి. అది నిజమేగా?"

ఆవిడ నావంక చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చూపు రెండుసార్లు చూశాను. మొదటిసారి ఎందుకో ఇక్కడ రాయను.

"ఇరవై ఆరేళ్ళు ఆ పిల్లల ముక్కులు తుడిచాను. కొత్త పుస్తకం వచ్చిందని ఇప్పుడు వాళ్ళ పేర్లు రాసివ్వనా?" అంది. తర్వాత రాసింది. నకలు నా దగ్గరుంది.

"బీరువాకి కట్టు కట్టి ఉంది. మన పిల్లలు మన ఆచారం ప్రకారం కట్టు కోశారు. కత్తెర ఇచ్చింది నేను. ఆపగలిగి ఉండీ ఆపనిది నేను. కట్టు కోసిన తర్వాత నడవనివ్వకపోవడం మనలో లేదు. నిన్న ఒక పిల్ల చేతిలోంచి వస్తువు లాక్కుని, గౌరవించానని రిజిస్టరులో రాశాను. నియమావళి తప్పింది ఆ రోజు. దానికి సంజాయిషీ ఎవరూ అడగలేదు కాబట్టి ఇందులోనే ఇస్తున్నాను."

ఇలాంటి కాగితానికి ఏం చేస్తారు? శిక్షిస్తారనుకున్నారా? ఛ! పైకి పంపించారు. పైవాళ్ళు చదివి ముగ్ధులయ్యారు. నీతి మీద ఇంత పట్టున్న మనిషిని పిల్లల మధ్య వృథా చెయ్యడమా అన్నారు. మా ఆవిణ్ణి నీతి అధికారిని చేశారు!

దుప్పట్ల గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. బల్ల, కుర్చీ, నియమావళి. పని వేళల్లో గది దాటి రాకూడదు. మిగతా టీచర్లు ఎంత నీతిగా ఉన్నారో రిజిస్టర్లలో చూసి నెలనెలా నివేదిక రాయాలి. నలభై ఒక్క మందినీ ప్రస్తుతానికి దుప్పట్లు ఉతికే ఆవిడ చూసుకుంటోంది. పాపం మంచి మనిషే. వరసగా పడుకోబెట్టి వరసగా లేపుతోంది. బీరువాకి మళ్ళీ సీలు పడింది, ఈసారి తెల్లదారంతో.

ఐజిరెక్ మళ్ళీ నోరు మూసుకుంది. ఇప్పుడు బీరువా ముందు కూర్చోదట. దుప్పట్ల గది పక్కన, మూసిన తలుపు ముందు కూర్చుంటుందట. లోపల మా ఆవిడకి ఆ సంగతి తెలుసు. తలుపు కింద సందులోంచి రెండు చిన్న చెప్పులు కనపడతాయి.

పోనివ్వండి. అభివృద్ధి అన్నాక ఇవన్నీ ఉంటాయి.

ఇంతలో నాకు ఇంకో పని తగిలింది. జూన్ ఒకటిన పిల్లల పండగకి కమిషన్ మళ్ళీ వస్తోంది. రెండో బీరువా కావాలి. మొదటిదానికంటే పెద్దది, రెట్టింపు మందం అద్దం, ఇనప పిడులు. చేశాను. కానీ పాఠకులారా, ఈ వయసులో చూపు మందగించి, చెయ్యి వణికి, కొన్ని పొరపాట్లు జరిగాయి. బహిరంగంగా ఒప్పుకుంటున్నాను.

అద్దం పెట్టడం మరిచిపోయాను. తలుపులు కూడా మరిచిపోయాను. తలుపుల్లేవు కాబట్టి పిడులు ఎక్కడ బిగించాలో తెలీక అవీ వదిలేశాను. ఎత్తు విషయంలో మరీ ఘోరం. పెద్దవాళ్ళకి అందేలా చెయ్యాల్సింది, అది ఐజిరెక్ గడ్డం దగ్గరే ఆగిపోయింది. కొలతకి వాళ్ళ నాన్న ఆ పిల్లని మా షెడ్డుకి తీసుకొచ్చాడు. చెక్క పక్కన నిటారుగా నిలబడింది. పెన్సిలుతో గీత గీస్తుంటే కదలకుండా ఉండి, ఒకే ఒక్క మాట అడిగింది.

"జుమగుల్ అక్క ఎప్పుడొస్తుంది?"

కొలత తప్పిందంటే తప్పదా మరి!

ఈ తప్పులకి నన్నేం చేస్తారో చెయ్యండి. వడ్రంగులకి నీతి నియమావళి ఇంకా ఎవరూ రాయలేదు, అందుకే ఇలా తయారయ్యాం.

ఈ పత్రిక మీ చేతికొచ్చే వేళకి జూన్ ఒకటో తేదీ పొద్దున్న అయి ఉంటుంది. కమిషన్ దారిలో ఉంటుంది. బాలబడి గేటుకి అడ్డంగా ఒక బొగ్గు లారీ నిలబడి ఉంటుంది. రంగు పసుపు. తోలేది ఐజిరెక్ తండ్రి. తొట్టిలో నా బీరువా ఉంది. దాని పక్కన నేనూ ఉంటాను, టీ ఫ్లాస్కు తెచ్చుకుంటాను. లారీ తియ్యమని ఎవరూ అరవక్కర్లేదు. అది కదలడానికి వీల్లేదు పాపం. ముందు చక్రాలు రెంటికీ నలుపు తెలుపు దారం కట్టి ఉంది.

కోసెయ్యవచ్చు. డైరెక్టరమ్మైనా, టై కట్టుకున్న పెద్దమనిషైనా, ఎవరు ముందొస్తే వాళ్ళు. కత్తెర మొద్దుది, చేతికి తగలదు, నేనే ఇస్తాను. కానీ మన ఆచారం మీకు తెలుసు కదా. కట్టు కోసినవాళ్ళు కోసి వెళ్ళిపోకూడదు. చెయ్యి పట్టుకుని నడిపించాలి.

దుప్పట్ల గది పక్కన ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ నలభై ఒక్క మంది దగ్గరికి నడిపించండి. బోర్సోకులు నేను తెస్తాను.